ఇస్త్రీ అక్క ఇంగ్లీషు క్లాసు

ఇస్త్రీ అక్కకు నా క్లాసులో కాలు నిలిచేది కాదు. హోటల్ లాండ్రీలో పన్నెండేళ్ళుగా నిలబడి పనిచేసిన మనిషి. బెంచీ మీద కూర్చోబెడితే ఐదు నిమిషాలకోసారి లేచి కిటికీ తెరిచేది, మళ్ళీ మూసేది. నాకు ఒళ్ళు మండేది.

ఆ హోటల్లో సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. అతిథులతో ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాళ్ళకే ఇస్తామన్నారు. అక్కతో కలిపి ఏడుగురు సాయంత్రాలు నా దగ్గర చేరారు. మిగతా ఆరుగురికీ అది పైకెళ్ళే దారి. అక్కకు మాత్రం ఆవిరి గదిలోంచి బయటపడే దారి. ఆ వేడి ఇక ఆమె ఒంటికి పడదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

పదకొండేళ్ళుగా చేస్తున్నట్టే, ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంగ్లీషులో ఒక పేజీ రాసిచ్చి అందరినీ బట్టీ పట్టమన్నాను. మా నాన్న టీచరు, నాకు తోటపని ఇష్టం, అలా సాగుతుంది అది.

“మా నాన్న లారీ డ్రైవరు కదా సార్,” అంది అక్క.

“లారీ సంగతి ఎత్తితే ఇంకో పది ప్రశ్నలు అడుగుతారమ్మా. రాసింది చెప్పండి, చాలు.”

“అబద్ధం చెప్పాలంటే నాలుక తిరగట్లేదు సార్.”

“ముందు ఉద్యోగం రానివ్వండి. నిజాలు తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు.”

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, బస్సులో నిలబడి, పేజీ నలిగిపోయేదాకా వల్లె వేసింది.

ఇంటర్వ్యూకి ఆమెను అందరికన్నా చివర పిలిచారు. అప్పటికి ఆరుగురి తండ్రులూ టీచర్లే, ఆరుగురికీ తోటపని ఇష్టమే. అక్క మొదలుపెట్టగానే మేనేజరు ఆపి, “మీరంతా ఒక తల్లి పిల్లలా?” అన్నాడట. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారట. పోనీ మీరు చేసే పని గురించి చెప్పండి అంటే ఆమెకు నోరు పెగల్లేదు. పోస్టు బయటివాళ్ళకు పోయింది.

ఆ సంగతి విని నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆరుగురూ రాలేదు. అక్క వచ్చింది. కూర్చోలేదు. బోర్డుకూ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉంది.

“ఏదైనా అడగండి సార్. మీకు జవాబు తెలియంది అడగండి.”

ఎంత వెతుక్కున్నా ఒక్కటీ తట్టలేదు. ఇన్నేళ్ళూ ఎవరిని ఏమడిగినా జవాబు నా దగ్గర పెట్టుకునే అడిగాను. సిగ్గేసింది. చివరికి, మళ్ళీ ఎందుకొచ్చారని ఇంగ్లీషులో అడిగాను.

తిరగడం ఆపింది. పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. అలవాటుకొద్దీ నేను మాట అందించబోయాను. వద్దన్నట్టు తల ఊపింది.

“ఐ యామ్ యాంగ్రీ,” అంది. ఊపిరి తీసుకుని, నా వైపు సూటిగా చూసింది. “విత్ యూ, సార్.”