సుజాత పేరు కింద దాచిన లైను

నాలుగేండ్లుగా ఒక మాట నాలోనే దాచిపెట్టుకోని ఉండా. మింగలేను, కక్కలేను. ఇంట్లో కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలీదు, అందుకే నీకు చెప్తా. వినప్పా.

వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో కంపైలర్ రాస్తా నేను. ఆస్పత్రికి ఏమేం సర్వీసులు కావాలో నాలుగు ముక్కల్లో రాసిస్తే చాలు, వాటినన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, నడిచే స్టాకుగా, అంటే ఒకే సాఫ్ట్‌వేర్ కట్టగా, తయారుచేసిచ్చే టూల్ అది. ఒకసారి తయారైందంటే దాన్నే ఎంతమందైనా వాడుకోవచ్చు. పీణ్య ఫ్యాక్టరీల్లో లేత్ మిషను మీద పనిచేసిన మా నాయనకు, ఇది అచ్చు లాంటిది నాయనా అని చెప్పినా. అయితే అచ్చులో తప్పుంటే అన్నిట్లోనూ వస్తాది, నువ్వు జాగ్రత్తగా ఉండాలప్పా అన్నాడు.

ఆ టూల్‌లో ఒక చెక్ పెట్టింది నేనే. పాత జవాబును, అంటే నిన్నటి రిపోర్టు నంబరు లాంటిదాన్ని, కొత్తదని ఏ సర్వీసూ పంపకూడదు. ఎంత పాతదైతే పనికిరాదో రాయకుంటే, కంపైలర్ అక్కడే నిలిచిపోయి ఎర్రగా చూపిస్తాది.

ఒక ఆస్పత్రికి డెమో ఇచ్చే రోజు పొద్దున్నుంచీ ఎర్రగానే ఉండింది. వాళ్లు రాసిచ్చిన దాంట్లోనే ఆ వివరం లేదు. వాళ్లేమో అప్పటికే లిఫ్ట్‌లో పైకి వస్తా ఉండినారు. ఆ చెక్‌ను ఊరికే దాటిపొమ్మని కంపైలర్‌లో ఒక్క లైను రాసినా. ఇవాళ్టికి మాత్రమే అనుకున్నా. నిజంగా అట్లే అనుకున్నానా? ఎవరూ చూడర్లే అనుకున్నానా?

మా దగ్గర ఒక పద్ధతి ఉండాది. పరీక్షించి సరే అన్నవాళ్ల పేరును కంపైలరే ప్రతి స్టాకులో మొదటి లైనుగా రాసిపెడ్తాది. మా టెస్టర్ సుజాత, గుంటూరమ్మాయి.

"అన్నా, పొద్దున ఎర్రగా వచ్చింది కదా, ఇప్పుడు పచ్చగా ఎలా వచ్చింది?"

"సరిచేసినాలేమ్మా."

"ఏం చేశావో ఒకసారి చూడనా?"

"నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేంటన్నా! నువ్వు చెప్పాక ఇంకేంటి?" అని తన పేరు పెట్టేసింది.

ఆ లైను తీసేయడం రేపు, ఎల్లుండి అని వాయిదా పడిపోయింది. అదే స్టాకును ఇంకో నాలుగు ఆస్పత్రులు తీసుకున్నాయి. రెండు నెలలకు, మొదటి ఆస్పత్రిలో ఒక పెద్దాయనకు నిన్న తీసిన షుగర్ నంబరు ఇవాళ్టిదిగా తెర మీద కనపడింది. అది చూసి ఇన్సులిన్ ఇచ్చినారు. ఆయన చెమటలు పట్టి స్పృహ తప్పినాడు. నర్సు వెంటనే చూసింది కాబట్టి బతికినాడు. చూడకుంటే?

మీటింగులో స్టాకు తెరిచినారు. మొదటి లైను సుజాత పేరు. అన్న సరిచేశానని చెప్పాడండీ అనింది ఆమె. అందరూ నా వైపు తిరిగినారు. నాకు గుర్తు లేదు అన్నా. గుర్తు లేదంట! కంపైలర్‌లో లోపముందేమో చూసే పని కూడా నాకే ఇచ్చినారు. లోపం లేదని రాసిచ్చి, ఆ సాయంత్రమే లైను తీసేసినా. వారం తిరక్కుండా సుజాతను పంపించేసినారు.

మొదటి ఆస్పత్రికి మళ్లీ చేసిచ్చిన దాంట్లో, ఆ తర్వాత తయారైన వాటిలో ఆ తప్పు లేదు. కానీ ఆ నాలుగు ఆస్పత్రుల్లో పాత స్టాకే నడుస్తా ఉండాది. అవి ఏ ఆస్పత్రులో కంపెనీలో అడగడానికే భయం. ఎందుకని ఎదురడిగితే ఏం చెప్పేది?

పోయిన వారం మా నాయనను జిగణి దగ్గర ఆస్పత్రిలో చేర్చినాము. మంచం పక్కన తెర మీద ఆయన షుగర్ నంబరు ఉండింది. చూస్తానే గుర్తుపట్టినా, అది మా స్టాకే, పాతదో కొత్తదో తెలీదు. నర్సు ఇన్సులిన్ సూదితో వచ్చింది. నేను అడ్డం నిలబడినా. ఇంకోసారి రక్తం తీసి చూడమ్మా అన్నా. తెర మీద ఉంది కదా సార్, మళ్లీ దేనికి అనింది.

"ఆ తెరను నమ్మొద్దు. దాన్ని చేసింది నేనే."

ఆమె నన్ను బెదురుగా చూసి, నాయన వేలు పొడిచింది. ఆ నంబరే వచ్చింది. ఈసారికి.

అక్కడే వరండాలో కూర్చోని కంపెనీకి, దాని ద్వారా ఆ నాలుగు ఆస్పత్రులకూ అంతా రాసి పంపినా, నా పేరుతోనే. సుజాతకూ పంపినా. చదివింది. జవాబు ఇవ్వమని అడిగే మొహం నాకు లేదు.

రేపు ఏమవుతాదో తెలీదు. వాళ్లు పిలుస్తారు, అడుగుతారు. ఈసారి నాకు గుర్తుంది అని చెప్తా.