నార్వే నుంచి వచ్చిన వదిన

ఆవిడ నార్వే నుంచి వచ్చింది. వయసు అరవై దాటింది. తన దేశంలో బడి పిల్లలకు వంట చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఒక ఏడాదిపాటు ఎవరికైనా పనికొచ్చే పని చెయ్యాలనుకుని, ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా శ్రీకాకుళం తీరంలోని చిన్న బెస్తపల్లెకు చేరింది. ఆవిడ ఇంగ్లీషు ఊరికీ, ఊరి తెలుగు ఆవిడకీ అర్థమయ్యేలా చెప్పడానికి సంస్థవాళ్లు నన్ను కుదుర్చుకున్నారు. మాది నరసన్నపేట, బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. అప్పటికి విజయనగరంలో డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్నాను. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా, చేపలు పట్టే ఊళ్లో అంతకు ముందు ఒక్క పూట గడపలేదు.

మా ఇద్దరికీ తన ఇంట్లో ఒక గది ఇచ్చినావిడను నేను అప్పా అనేదాన్ని. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. అప్ప భర్త గుజరాత్‌లో బోట్ల మీద పనిచేసేవాడు, వేట ఆపే రోజుల్లో మాత్రం ఇంటికొచ్చేవాడు. పిల్లలు లేరు. ఎండుచేపలు గంపలో పెట్టుకుని సంతల్లో అమ్ముకునేది.

మొదట్లో ఊరంతా నార్వే ఆవిడను తెల్లమ్మ అనేవారు. అప్పకు ఆ పిలుపు నచ్చలేదు. మనిషిని రంగుతో పిలుస్తారేటని అందర్నీ కసిరి, తను వదినా అనడం మొదలుపెట్టింది. వదినైతే ఎంత ఎగతాళి చేసినా చెల్లుతుందట. ఆవిడకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ అప్ప నేర్పినవే. ఒకసారి సంస్థ ఆఫీసులో పెద్దాయన్ని "ఏటి బావా, తిన్నావా?" అని పలకరించింది. ఆయన బిత్తరపోతే అప్ప నవ్వలేక గోడకు చేరబడిపోయింది.

ఆవిడ తండ్రి కూడా చేపలు పట్టేవాడే. వాళ్ల ఊళ్లో చేపల్ని కర్రల పందిళ్లకు వేలాడగట్టి చలిగాలికి ఎండబెడతారట. మన దగ్గర నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ఇసకలో పరిస్తే కుక్కలు తొక్కడం, ఇసక అంటుకోవడం చూసి, వెదురుతో నడుమెత్తు పందిళ్లు వేద్దామంది. కాకులకు బల్ల వేసి వడ్డించినట్టుంటుందని ఆడవాళ్లు నవ్వారు. అప్ప నవ్వలేదు. పాత వల తెచ్చి పందిరిపైన కప్పి చూపించింది. ఆ ఎండాకాలం ముగిసేలోగా చాలా ఇళ్ల ముందు పందిళ్లు లేచాయి.

సాయంత్రాలు ఇద్దరూ చేపలు కోస్తూ, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకునేవారు. నేను మధ్యలో తెలుగు చెయ్యబోతే, అర్థమవుతున్నాది నువ్వూరుకో అనేది అప్ప. నాకు జీతం ఇచ్చేది ఆ పనికే. ఆ ఇంట్లో మాత్రం ఆ పని నాకు దొరికేది కాదు.

వానలు వెళ్లి, చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆవిడ పందిరి దగ్గర నిలబడి ఉండగానే మెల్లగా కూర్చుండిపోయింది. ఒళ్లంతా చెమట. ఎడమ చెయ్యి లాగుతోందని నాతో ఇంగ్లీషులో అంది. అప్ప కేక వేసి ఆటో ఆపించింది. దారంతా ఆవిడ తల అప్ప ఒళ్లోనే ఉంది. కొంతదూరం వెళ్లాక ఆవిడ తన భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. అప్ప మాత్రం జుట్టు సవరిస్తూ, "ఊఁ వదినా, అలాగే వదినా" అంటూ ప్రతి మాటకూ బదులు పలికింది. శ్రీకాకుళం ఆస్పత్రి చేరేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

ఆవిడ పోయిందని నార్వేలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే.  అక్క చివర్లో ఏమందని ఆమె అడిగింది.

"మీ భాషలో మాట్లాడిందండీ. నాకు తెలియలేదు."

"ఎవరైనా జవాబు చెప్పారా?"

"చెప్పారు. తెలుగులో."

అప్పుడు ఏడ్చింది ఆమె. నేనూ ఫోన్ పట్టుకునే ఏడ్చాను.

అమ్మానాన్నల పక్కనే పెట్టాలి, పంపించండి అంది చెల్లెలు. కాగితాల పని, విశాఖపట్నం ప్రయాణం సంస్థవాళ్లు చూసుకున్నారు. ఒక్కసారి ఊరికి తీసుకెళ్లనివ్వమని ఆడవాళ్లు బతిమాలారు. వీలుపడదన్నారు. అప్ప ఇంటికి వెళ్లి పసుపు, పూలు, ఇంకా మడత విప్పని నేత చీర తెచ్చింది. మార్చురీలో పనిచేసే ఆయన, ఇంటివాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదమ్మా అన్నాడు. మళ్లీ ఫోన్ చేశాను. చెల్లెలు చీర ఏ రంగని అడిగి, కట్టండి అంది.

కట్టాక కూడా అప్ప కదల్లేదు. "ఆ ఊరు సలి ఊరని ఎప్పుడూ అంటుండీది గదా. ఉత్త సీరతో ఎలాగ పంపించీడం? దుప్పటి కూడా కప్పమని సెప్పు" అంది. ఆయన పక్క బల్ల మీది దుప్పటి అందుకుని మెడ దాకా కప్పాడు.

పెద్దకర్మ చేస్తానని అప్ప అన్నప్పుడు ఊళ్లో పెద్దలు అడ్డుపడ్డారు. కులం కాదు, రక్తం కాదు, శవమైనా ఇక్కడ లేదు, ఎవరు చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నారు. అప్ప గొంతు పెంచలేదు. "ఆవిడికి నాను వదిన్ని. నా కన్నా దగ్గిరోళ్లు ఈ ఊళ్లో ఎవులున్నారో సెప్పండి."  ఆడవాళ్లందరూ అన్నం వండి, పాలు పట్టుకుని ఒడ్డుకు వెళ్లారు. నేను వెనకాలే నిలబడ్డాను. ఆ ఆదివారం మా చర్చిలోనూ ఆవిడ కోసం ప్రార్థన చేశారు. ఆవిణ్ణి ఎన్నడూ చూడని మా అమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది.

సంస్థ ఆ ఊళ్లో పని ఆపేసింది. మరో వలంటీరు రాలేదు. మరుసటేడు తుఫానుకు పందిళ్లు కూలితే కొందరు మళ్లీ వేసుకున్నారు, ఎక్కువమంది ఇసకకే తిరిగివెళ్లారు. నాకు విజయనగరంలో బడి ఉద్యోగం దొరికింది.

నిరుడు ఒకసారి అప్పను చూడ్డానికి వెళ్లాను. చేపల పులుసు వండింది. గుజరాత్‌లో భర్త ఆరోగ్యం గురించి, సంతలో ధరల గురించి, పక్కింటి గొడవల గురించి చెప్పింది. ఆవిడ ఊసు ఇద్దరం ఎత్తలేదు. బస్సు వచ్చేవేళకు రోడ్డు దాకా నాతో నడిచింది. ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"కోపం తెచ్చుకోకు గానీ, ఇంక రాకే అమ్మా. నువ్వొక్కర్తివీ వస్తంటే పక్కన ఆవిడి లేదని తెలస్తాది. నువ్వు రానప్పుడు, మీ ఇద్దరూ ఎక్కడో కలిసే ఉన్నారనుకుంతాను."

సరేనన్నాను. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాను. ఆ ఊరికి మళ్లీ వెళ్లలేదు.