ఫోన్లన్నీ తెల్లగోడ ముందు

ఎవరేం చెప్పినా "సబూత్ ఎక్కడ?" అని రుజువు అడిగేవాడు మా గమ్హరియా ఫ్యాక్టరీ మేనేజరు. చేతులకు అడ్డుగా ఉండే సేఫ్టీ గార్డు లేని ప్రెస్సు మిషన్లో ఒక హెల్పరు వేళ్లు నలిగిపోయాయి. దాని గురించి అడగలేదు గానీ, ఆ ప్రెస్సు ఫొటో ఎవరు బయటపెట్టారని మండిపడ్డాడు. ప్రతి కెమెరా తన ఫొటోల్లో తనవైన సన్నని మచ్చలు వదులుతుందట. బయటికొచ్చిన ఫొటోతో పోల్చడానికి అందరి ఫోన్లతోనూ తెల్లగోడను ఫొటో తీయించాడు. నా ఫొటోలో గోడకన్నా బొటనవేలే ఎక్కువుందని నన్ను పక్కకు తోసేశాడు.

మచ్చలు మా శ్రీకాకుళం ఫిట్టరు ఫోనుతో కలిశాయి.

"సబూత్ దొరికింది. ఏమంటావ్?"

"ఫోను నాదే సారూ. మరి ఆడి ఏళ్లు పోయినందుకు తమరికి ఏటి సబూత్ కావాల?"

ఆ సాయంత్రమే ఫిట్టరును గేటు దాటించారు. భద్రతా వారోత్సవాల్లో మేనేజరుకు శాలువా కప్పి, మమ్మల్ని చప్పట్లు కొట్టమన్నారు. నాకు చేతులు రాలేదు.