సుద్దగీత మీద బండి

ప్రతి ఆదివారం పొద్దున్నే దర్జీ, బియ్యం మిల్లు వెనక గచ్చు మీద తన సుద్దముక్కతో పెద్ద ఎనిమిది గీస్తాడు. చొక్కా చంక వంపు గీసినట్టే ఉంటుంది, గీత ఎక్కడా వణకదు. వణుకంతా బండెక్కాకే. ఇన్నేళ్లూ మోపెడ్ మీద తిరిగినవాడికి బావగారి గేర్ల బండి దున్నపోతులా మొండికేస్తుంది. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోడు. చెయ్యి తీస్తే ప్రాణం పోతుందన్నట్టు హ్యాండిల్ పట్టుకుంటాడు. సూదిమొన మీంచి చూపు తిప్పని అలవాటేమో, కళ్లు ముందు చక్రాన్ని వదలవు.

"చక్రం చూడకురా! వెళ్లాల్సిన వైపు చూడు!" అని కుర్చీలోంచి బావ అరుస్తాడు. మూడు నెలల కిందట ఇదే బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి ఆయన. కట్టు విప్పి వారమే అయింది. రేపటి నుంచి కూరగాయల బజారు సందులోంచి మెల్లగా ఆయన్ని పనిచేసే చోట దింపాల్సింది దర్జీయే.

ఈ ఆదివారం మలుపులో ముందు బ్రేకు నొక్కేశాడు. బండి ఒరిగింది. పైప్రాణాలు పైనే పోయాయి. కాలు ఆనించి ఎలాగో నిలబెట్టాడు. మళ్లీ బయల్దేరి, కుట్టుమిషను తొక్కే కాలితో వెనక బ్రేకు సుతారంగా అదుముతూ, తలెత్తి, ఎనిమిదంతా తిరిగాడు.

"ఎక్కండి బావా," అన్నాడు ఆయాసపడుతూ.

చేతికర్ర కుర్చీకి ఆనించి బావ ఎక్కాడు. దర్జీ భుజాలు గట్టిగా పట్టుకుని సీటు మీద అటూ ఇటూ కదిలాడు. దర్జీ నోట, కొలతలు తీసేటప్పుడు కుదురుగా నిలబడని వాళ్లతో రోజూ అనే మాటే బయటికొచ్చింది.

"కదలకండి. ఒక్క నిమిషంలో అయిపోతుంది."