బంకు దగ్గర పెట్టని సంతకం

దగ్గరికి జరగండి, గోడకు ఆనుకుని కూర్చోండి. మా చేను ఎట్లా ఎండిందో చెబుతాను.

ఆ ఏడు ఎక్కడో సముద్రాల అవతల యుద్ధమొచ్చి ఆయిల్ ఓడలు ఆగిపోయాయి. ఇక్కడ రొంపిచెర్ల పక్కన మాకు ఎకరన్నర మిరప. కాలవలో నీళ్లున్నాయి గానీ చేను ఎత్తు మీద ఉంది. డీజిల్ ఇంజను పెట్టి తోడితేనే తడి. కాయ ఎర్రబారుతున్న వేళ ఇంకో రెండు తడులు పడితే పంట చేతికొస్తుంది. పడకపోతే కాయంతా తెల్లబారి తాలైపోతుంది.

బంకు ముందు తెల్లారేసరికే డబ్బాలు బారులు తీరేవి. నాలుగో రోజు బంకు యజమాని, వరసకు మాకు బాబాయి, ఒక బల్ల వేయించి దాని మీద కాగితం పెట్టాడు. సంతకం చేసినవాళ్లకే డీజిల్. అందరూ చేస్తున్నారు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. పెద్దాయన పెట్టిన కాగితం చదవడమంటే ఆయన్ని నమ్మనట్టని మా వాళ్ల లెక్క.

నేను మూడో తరగతి దాటలేదు. పక్కనున్న తోడికోడలిని చదవమన్నాను. ఆమె గొంతు తగ్గించి చదివింది. ఆయిల్ కంపెనీలు నష్టాల్లో ఉన్నాయట. ఖజానా సొమ్ముతో వాటిని ఆదుకోమని రైతులమైన మేమే సర్కారును వేడుకుంటున్నామట.

“బాబాయ్, పోయినేడు ఆయిల్ చానా చవకైందని టీవీలో చెప్పారుగా. అప్పుడు మనకేమన్నా తగ్గించారా?”

“ఏందమ్మా, నువ్వు కూడా అడిగేదానివయ్యావా? సంతకం పెట్టు, డబ్బా నింపుకో.”

“మిగిలినప్పుడు వాళ్లది, పోయినప్పుడు మనదా? కాలవ తగ్గిందని చేలో తడి తోడి కాలవలో పోస్తామా బాబాయ్?”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “ఈమెని మంత్రిని చెయ్యాల్సిందిరా” అన్నాడొకడు. బాబాయి కూడా నవ్వాడు. నవ్వుతూనే పంపు దగ్గర మనిషితో “ఈమె డబ్బా పక్కన పెట్టు” అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. నా వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటుకుని పోయి సంతకాలు చేశారు. తోడికోడలు కూడా చేసింది. నా మొహం చూడలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన అడిగాడు.

“నీ ఒక్కదాని సంతకం లేకపోతే వాళ్లకిచ్చేది ఆగుద్దా?”

“ఆగదు. మనం అడిగామని మాత్రం చెప్పుకోలేరు.”

ఆయన రెండు బిందెలు తీసుకుని చేనికి నడిచాడు.

మర్నాటి నుంచి మేము ఎప్పుడెళ్లినా స్టాకు లేదన్నారు. కారంపూడి దాకా పోయాం. అక్కడా అదే కాగితం. ఇరుగుపొరుగును బదులడిగితే “మాకే చాలట్లేదు వదినా” అంటూ తలుపు దగ్గరకు వేసుకున్నారు. చుట్టూ చేలల్లో ఇంజన్లు మోగుతుంటే మా చేలో చప్పుడు లేదు. మధ్యాహ్నానికి ఆకు వేలాడేది. మొదట్లో సాయంత్రానికి లేచేది. తర్వాత లేవడం మానేసింది. బిందెలతో నాలుగు సాళ్లు నిలబెట్టాం. మిగిలిందంతా తాలు.

కంపెనీలకు సొమ్ము ఇచ్చారని టీవీలో చెప్పారు. రైతుల కోరిక మేరకట. బంకులో ధర మాత్రం తగ్గలేదు.

మొన్న తోడికోడలు వచ్చి గడపలో నిలబడింది. “మళ్లీ ఏదో కాగితం తిప్పుతున్నారక్కా. ఈసారి ఇంటింటికీ వస్తారంట” అంది. కూర్చోమంటే కూర్చోలేదు. వీధి అటూ ఇటూ చూసుకుని వెళ్లిపోయింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా లేచి ఒక మాట అడిగితే, పక్కన నిలబడేవాళ్లు ఒక్కరైనా ఉండాలి.