సత్యవేడులో ఆగిపోయిన పేజీ

కిందటి నెల చంద్రగిరి దగ్గర ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ బంధువుల పాత జీపు ఎక్కాను. మధ్యాహ్నమంతా ఎండలో నిలబడ్డ బండి. తలుపు తీయగానే కాగిన రెక్సిన్ వాసన, దానితో కలిసిన డీజిల్ వాసన గుప్పుమన్నాయి. పక్కవాళ్లు ముక్కు మూసుకుని అద్దాలు దించుకున్నారు. నేను మాత్రం హాయిగా కూర్చున్నాను. ఆ వాసనలోనే నేను పని నేర్చుకున్నాను. నేర్పినది ఖాదర్ బాషా గారు.

రెండు వేల దశకం చివరి రోజులవి. తిరుపతిలో ఒక మొబైల్ కంపెనీ ఆఫీసులో ఇంజనీరుగా చేరాను. బాషా గారు మా పై అధికారి. చిత్తూరులో తాళాలు బాగుచేసే కుటుంబం వాళ్లది. డిప్లొమా చదివి, ల్యాండ్‌లైన్ స్తంభాలెక్కి పని నేర్చుకుని, మొబైళ్లు వచ్చాక ఇటు మారారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. పని బాగుంటే ఏమీ అనేవారు కారు. బాగులేకపోతే మళ్లీ చేయమనేవారు. జీపులో ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు పెట్టుకుని రోడ్ల వెంట తిరుగుతూ సిగ్నల్ కొలవడం మా పని. బాగున్న చోట మ్యాపులో పచ్చచుక్కలు పడతాయి, లేని చోట ఎర్రచుక్కలు. పచ్చచుక్కలు చూస్తే నాకు పరీక్షలో ఫస్టు వచ్చినంత సంబరంగా ఉండేది. ఆయనకు ఉండేది కాదు. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలరి, గట్టు మీద ఫోను బాగానే ఉంది గాని నీళ్ల మీదికి పోతే పనిచేయదని చెప్పినందుకు, ఆయన ల్యాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నన్నూ వెంటబెట్టుకుని పడవెక్కారు. ఆ రోజు మోకాళ్ల దాకా తడిసి ఇంటికి వెళ్తే, ఇదేం ఇంజనీరు ఉద్యోగం తల్లీ అని మా నాయన నవ్వారు.

ఆ రోజుల్లోనే సత్యవేడు నుంచి వనజ అనే ఆమె మాటిమాటికీ ఫిర్యాదు చేస్తుండేది. ఆమె బస్టాండు పక్కన చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేది. ఊళ్లో అప్పటికి వేరే ఇంటర్నెట్ లేదు. మా సిమ్ వేసిన ఫోనును కంప్యూటరుకు తగిలించి, దానితోనే అందరి పనులూ చేసిపెట్టేది. పేజీ సగంలో ఆగిపోతోందన్నది ఆమె ఫిర్యాదు. నేను మ్యాపు చూశాను, పచ్చగా ఉంది. టవర్ రిపోర్టు చూశాను, రోజు మొత్తం మీద సగటు బాగుంది. సమస్య లేదని రాసి మూసేశాను. అలా మూడుసార్లు మూశాను. మూడోది ఆయన కంటపడింది. కాగితం నా ముందు పెట్టి, నేను ఆమెతో మాట్లాడానా అని అడిగారు. సిగ్నల్ నిండుగా ఉంది కదా సార్ అన్నాను.

"సిగ్నల్ నిండుగానే ఉండాది, సరే. ఆయమ్మ పని అయిందా లేదా అని అడిగినావా?"

మర్నాడు ఇద్దరం సత్యవేడు వెళ్లాం. ల్యాప్‌టాప్, కొలిచే ఫోన్లు జీపులోనే వదిలేయమన్నారు. వనజ అనుమతి అడిగి నన్ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె కంప్యూటరుతో, ఆమె ఫోనుతో, ఆమె చేసే పనులే చేయమన్నారు. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని చేతి గడియారం చూస్తూ, ప్రతి పేజీకి ఎన్ని సెకన్లు పట్టిందో నోటుబుక్కులో రాసుకున్నారు. మధ్యాహ్నం అంతా సవ్యంగా నడిచింది. నేను లోలోపల గెలిచానని అనుకున్నాను. సాయంత్రం అయిదు దాటింది. అప్పుడప్పుడే మొదలవుతున్న శ్రీ సిటీ పారిశ్రామికవాడ నుంచి పనివాళ్ల బస్సులు వచ్చి ఆగాయి. దిగినవాళ్లంతా చెవికి ఫోన్లు పెట్టుకున్నారు. నా ముందున్న పేజీ సగం తెరుచుకుని నిలిచిపోయింది. ఫోనులో సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏ కదలికా లేదు.

వనజ వచ్చి నా పక్కన నిలబడింది. కోపం లేని గొంతుతోనే చెప్పింది.

"రోజూ ఇంతే మేడం. పోయిన నెల రేవతి అని మా వీధి పిల్ల, ఫ్యాక్టరీ ఉద్యోగానికి సర్టిఫికెట్లు పంపను వచ్చినాది. ఆఖరు దినం. ఆరు దాకా కూర్చున్నాం. సగం పోయి ఆడనే నిలబడిపోయ. మీరు అంతకు ముందే వచ్చింటే బాగుండు."

నేను రెండోసారి ఫిర్యాదు మూసింది ఆ వారమే. ఆ సంగతి వనజకు తెలియదు. చెప్పకుండా లేచి వచ్చేయవచ్చు. బాషా గారు నా వైపు చూడలేదు, నోటుబుక్కు మూసి బయటికి వెళ్లి నిలబడ్డారు. ఆ ఫిర్యాదులు మూసింది నేనేనని వనజకు చెప్పి క్షమించమన్నాను. ఆమె సరేలే, ఇప్పుడన్నా వచ్చినారు కదా అంది.

కారణం తెలిసిపోయింది. ఒక్కో టవరుకు ఉండేవి కొన్ని దారులే. మాటలకు మొదటి చోటు, మిగిలినది డేటాకు. సాయంత్రం ఊరంతా మాట్లాడుతుంటే డేటాకు దారే మిగలడం లేదు. ఖాళీగా ఉండే తెల్లవారుజాము, మధ్యాహ్నం కలిసి సగటును పైకి లేపేవి. తిరుపతి సమీక్షలో బాషా గారు సగటును పక్కనబెట్టి, సాయంత్రం గంటన్నర లెక్కను సెకన్లలో చదివి వినిపించారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారికి అది నచ్చలేదు. జిల్లా మొత్తం బాగుందని పైకి రాశాక ఒక కొట్టు కోసం రిపోర్టు పాడుచేస్తారా అన్నారు. బాషా గారు గొంతు పెంచలేదు.

"పాడయింది రిపోర్టు కాదు సార్, ఆడ పనే. మనం కొలిచేది మన టవర్ సుఖంగా ఉండాదా అని. ఆయమ్మ డబ్బు కట్టేది ఆమె పని అయ్యేదానికి."

ఆ ఏడాది ఆయనకు రావలసిన పదోన్నతి రాలేదు. దానికీ దీనికీ ముడి ఉందో లేదో నాకు తెలియదు, ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ నెలన్నరకు సత్యవేడు టవరుకు అదనపు పరికరం వచ్చింది. కొన్ని దారులు డేటాకే కేటాయించాం. మళ్లీ వెళ్లి అదే కుర్చీలో, అదే వేళకు కూర్చున్నాను. బస్సులు వచ్చాయి, పేజీ తెరుచుకుంది. మూసేద్దామా సార్ అంటే, ఆ మాట వనజ చెప్పాలన్నారు. ఆమె వారం రోజులు చూసి, సరిగా ఉండాదని ఫోను చేసింది. రేవతి కూడా తర్వాతి విడతలో దరఖాస్తు పంపిందని, ఉద్యోగం వచ్చిందని అప్పుడే చెప్పింది. ఫోను పెట్టేసి ఆ మాట బాషా గారికి చెబితే, తలూపి, తర్వాతి ఊరి కాగితం నా చేతికిచ్చారు.

ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. టవర్లు మారాయి, ఫోన్లు మారాయి, కొలిచే పద్ధతులూ మారాయి. మా రిపోర్టుల్లో మాత్రం కంపెనీ అడగని ఒక గడి నేను పెట్టించాను. వాడుకునే మనిషి ఏమన్నారో, వాళ్ల మాటల్లోనే అక్కడ రాయాలి. ఈ వారం కార్వేటినగరం వైపు పాలకేంద్రం నడిపే ఒకామె మాటను మా పదిమందిలో ఒకడు ఆ గడిలో ఇలా రాసుకొచ్చాడు: "ఇప్పుడు బాగుండాది, వానొస్తే సూడాల." అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. మూసేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. వాన పడిన రోజు వెళ్లి ఆమె దగ్గర కూర్చుని రమ్మన్నాను.