ట్యాబ్‌కు తెలుగులో పెట్టిన హింటు

మా ఇంట్లో నేను కంప్యూటర్ ఇంజనీరుని. నందిగామలో ఒక సెల్ షాపులో ఫోన్లకు టెంపర్డ్ గ్లాసులు అతికిస్తాను. గాలిబుడగ లేకుండా అతికిస్తాను కాబట్టి, అవసరమైతే ఉపగ్రహం కూడా వదలగలనని మా బంధువుల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ ఖండించలేదు. పెళ్ళిళ్ళలో మొదటి బంతిలోనే కూర్చోబెడుతుంటే ఎవరు ఖండిస్తారు?

జగ్గయ్యపేట నుంచి అక్క నాకు ఫోను చేసింది ఈ హోదాను చూసే.

"ఒరేయ్, దీని ట్యాబ్ తెరుచుకోట్లేదురా. నంబరు మార్చేసింది, దొంగమొహంది. అడిగితే నేను మార్చలేదంటంది. ఇంతకీ నువ్వు పెట్టిన నంబరేంటి?"

"దాని పుట్టిన సంవత్సరం."

"అదీ కొట్టి చూశాం. పట్టట్లా."

"అయితే నీ కడుపున హ్యాకర్ పుట్టిందే అక్కా. కంగ్రాట్స్."

నా మేనకోడలు మూడో తరగతి. పిల్లలు ట్యాబ్‌లో ఏం చూడాలో, ఎంతసేపు చూడాలో పెద్దవాళ్ళు తాళం వేసుకునే ఏర్పాటు ఒకటుంటుంది. నాలుగంకెల నంబరు కొడితేనే ఆ తాళం వస్తుంది. దాన్ని వేసింది నేనే.

"వీపు మీద ఒక్కటిచ్చా. అయినా నోరు విప్పట్లా," అంది అక్క.

"ఎవరైనా రెండోదానికే చెప్తారు," అన్నాను. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆదివారం బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి జగ్గయ్యపేట వైపు తిరిగేదాకా లారీల వెనక రాసిన నీతులు చదువుకుంటూ పోయాను. ఒక్కటీ ఒంటబట్టలేదని సాయంత్రానికి తేలింది.

బావది కిరాణా హోల్‌సేల్. కింద షాపు, పైన ఇల్లు. ఆ ఇంట్లో నన్ను ఎక్కువ ఆదరించేది అక్క అత్తగారు. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడే స్వయంగా పెసరట్టు పోస్తారు, మూడోది వద్దంటే నొచ్చుకుంటారు. ఆవిడకి మాట్లాడటం ఇష్టం. పొద్దున కుక్కర్ తొలి విజిల్‌తో మొదలుపెడితే రాత్రి మందుబిళ్ళ మింగేదాకా సాగుతుంది. తిట్లు కావు, వ్యాఖ్యానం. పప్పులో ఉప్పు, పక్కింటివాళ్ళ మోటారు, అక్క చీర కట్టిన తీరు, దేన్నీ వదలరు. ఆవిడ పడుకున్నాక అక్క నాకు ఫోను చేసేది. ఆ కాసేపు మేమిద్దరం మళ్ళీ నందిగామలో ఒకే దుప్పటి కోసం కొట్టుకునే పిల్లలం. మా కబుర్లలో అత్తయ్యగారిదే పెద్ద పీట. జోకులు ఇద్దరం వేసేవాళ్ళం, మంచివి మాత్రం అక్కవే.

హాల్లో బావ కాఫీ తాగుతున్నాడు. పిల్ల సోఫా చివర, ట్యాబ్‌ని గుండెకి హత్తుకుని కూర్చుంది. ఎవరు నంబరు కొట్టబోయినా రెండు మూడు తప్పులు కాగానే లాక్కుని, "ఇంకోసారి కొడితే పాడైపోద్ది," అంటోందట. రాత్రిళ్ళు పరుపు కింద దాస్తోందట. ఇంతకంటే రుజువు ఏం కావాలని బావ అడిగాడు.

"ముద్దాయిని ప్రవేశపెట్టండి," అన్నాను నేను. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు.

టీపాయ్ మీద పలక ఉంది. దాని మీద వంకరటింకర గుణింతాలు. దాన్ని పక్కకి జరిపి ట్యాబ్ పెట్టుకున్నాను. పిల్ల నా చొక్కా లాగింది.

"మామయ్యా, లోపల గదిలో చెయ్యవా?"

"ఎందుకూ? లంచం ఇస్తావా?"

"కాదు. లోపల చెయ్యి."

"చూశారా అత్తయ్యగారూ, హ్యాకర్‌గారు సాక్షులొద్దంటున్నారు."

అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నారు. "ఎట్లా తీస్తావో నేనూ చూస్తా నాయనా. చదువుకున్నవాళ్ళ చేతిలో ఉండే విద్యే వేరు." నా చదువు ఇంటర్ తప్పడంతో ఆగిపోయింది. ఆ సంగతి చెప్పే సమయం కాదది.

పుట్టిన సంవత్సరం కొట్టాను. తప్పు. బావ బండి నంబరు, తప్పు. ఒకటీ రెండూ మూడూ నాలుగు, తప్పు. మా షాపు ఫోను చివరి అంకెలు, తప్పు. "మామయ్యా, వద్దు, ప్లీజ్," అని పిల్ల చేయి అడ్డం పెట్టింది. ఆ చేతిని తప్పించి, మెజీషియన్‌లా చేయి గాల్లో తిప్పి, అయిదోది కొట్టాను.

అయిదు తప్పులయ్యేసరికి తెర నల్లబడింది. నంబరు మర్చిపోయారా, మీరు రాసుకున్న హింటు ఇదీ అంటూ మధ్యలో పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అంతా ఒక్కసారే. కిందటిసారి వచ్చినప్పుడు పిల్ల పాత నంబరు కనిపెట్టేసిందని కొత్తది పెట్టాను. రేపు మర్చిపోతే పనికొచ్చే హింటు రాసుకోమని ట్యాబ్ అడిగింది. అంతకు ముందు ఫోన్లో అక్క వేసిన జోకు ఇంకా నాలిక మీదే ఉంది. అదే రాశాను. ఇంగ్లీషులో రాస్తే పిల్ల చదివేస్తుందని పనిగట్టుకుని తెలుగులో రాశాను. ఇంగ్లీషు మీడియం పిల్లకి తెలుగేం వస్తుంది? నా సెక్యూరిటీ అంతా అదే. బస్సు దిగేలోపు నంబరూ మర్చిపోయాను, హింటూ మర్చిపోయాను.

అత్తయ్యగారు ఏదైనా పైకే చదువుతారు, కూడబలుక్కుంటూ.

"అత్తగారి... నోరు... మూతపడే... టైము."

నేను రాసిన ఏ వాక్యాన్నీ ఎవరూ అంత శ్రద్ధగా చదివింది లేదు. బావకి కాఫీ పొలమారింది. అక్క వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

"పదీ ముప్పై కొట్టు," అన్నారు అత్తయ్యగారు.

"అత్తయ్యగారూ, అది..."

"కొట్టు నాయనా. సీరియలయ్యాక బిళ్ళ వేసుకుని పదిన్నరకేగా నేను పడుకునేది. ఒకటి, సున్నా, మూడు, సున్నా."

కొట్టాను. తెరుచుకుంది. రంగురంగుల చేప ఒకటి తోక ఊపుతూ వచ్చి మాకు స్వాగతం చెప్పింది.

"ఊరికే సరదాకి రాశానండీ. నా మాటే అది. అక్కకేం తెలీదు."

"నందిగామలో ఉండేవాడివి. నేను పడుకునే టైము నీకెట్లా తెలిసింది?"

నా దగ్గర సమాధానాలెప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అన్నీ జోకులే. అందులో ఒక్కటీ పైకి తీసే వీల్లేదు.

"అమ్మా, వాడేదో..." అన్నాడు బావ.

"నేనేమన్లేదురా. అడిగా, అంతే." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ట్యాబ్‌ని మనవరాలికిచ్చి, "నంబరు నువ్వే పెట్టుకోమ్మా," అన్నారు. లేచి వెళ్తూ అక్కతో, "పిండి రుబ్బి ఉంది, మీ తమ్ముడికి అట్లు పోసిపెట్టు," అన్నారు. అక్క వైపు చూడలేదు.

ఆ పూట పెసరట్లు అక్క పోసింది. మూడోది ఎవరూ వెయ్యబోలేదు, నేను వద్దనే అవసరమూ రాలేదు.

మెట్ల మీద పిల్ల పక్కన కూర్చున్నాను.

"నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే చదివా. నానమ్మ రోజూ సాయంత్రం నాకు తెలుగు నేర్పుద్దిగా. నాకు ఒత్తులు కూడా వచ్చు."

"మరి నంబరు?"

"నానమ్మ పక్కనేగా నేను పడుకునేది."

"అయితే తెరుచుకోవచ్చుగా?"

"తెరిస్తే నంబరెట్లా తెలిసిందని అడుగుతారుగా."

"మీ అమ్మకి చెప్పొచ్చుగా?"

"అమ్మ నాన్నకి చెబుద్ది. నాన్న నవ్వుకుంటా నానమ్మకి చెప్పేస్తాడు." నా వైపు తిరిగి అడిగింది, "మామయ్యా, అది జోకా?"

"జోకే."

"మరి నానమ్మ నవ్వలేదేం?"

తనకి వీపు మీద పడింది ఒక్కటేనట. పెద్ద నొప్పి లేదట. రెండోదానికి చెబుతారన్న సలహా నాదేనని దానికి తెలియదు. నేను చెప్పలేదు. సారీ చెప్పాను. ఐస్‌క్రీం కొనిస్తానన్నాను. ఐస్‌క్రీం వద్దంది. "ఇంక నన్ను హ్యాకర్ అని పిలవకు," అంది. తర్వాత అటు తిరిగి కూర్చుని కొత్త నంబరు పెట్టుకుంది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు ఎప్పటిలా మాగాయ సీసా ఇచ్చారు. మూత గట్టిగా బిగించి, పైన కవరు కట్టి మరీ ఇచ్చారు. ఒక్క మాటన్నా బాగుండేది. అన్ని విషయాల మీదా వ్యాఖ్యానం చేసే మనిషి నా విషయంలో ఏమీ అనలేదు.

అక్క షాపు ముందు దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ మాట నేను నీకు చెప్పుకున్నానురా," అంది. "నీకు."

నేను బస్సెక్కి నలభై నిమిషాల్లో నందిగామలో దిగిపోయాను. మా ఇంట్లో మాగాయ బాగుందన్నారు. అక్క ఆ ఇంట్లోనే ఉంది, పొద్దున కుక్కర్ తొలి విజిల్ నుంచీ. ఇంట్లో గొడవలేం జరగలేదని బావ చెప్పాడు. వాళ్ళమ్మ ఈ మధ్య మాట్లాడటం తగ్గించిందని కూడా చెప్పాడు. ఒంట్లో బాగానే ఉందన్నాడు.

పదిన్నర తర్వాత అక్క ఫోను చెయ్యడం మానేసింది. ఇప్పుడు మధ్యాహ్నం చేస్తుంది, భోజనాలయ్యాక, హాల్లో కూర్చుని, స్పీకర్ పెట్టి. తిన్నావా అంటుంది. తిన్నానంటాను. షాపెలా ఉందంటుంది. ఉందంటాను. మొన్న మధ్యలో అత్తయ్యగారి గొంతు వినపడింది.

"ఏం నాయనా, ఇవాళ జోకులేం లేవా?"

"లేవండీ," అన్నాను.

"పోన్లే," అన్నారావిడ. వెనక ట్యాబ్‌లోంచి ఆ చేప పాట వస్తోంది. దాన్ని వింటూ ముగ్గురం కాసేపు ఫోను పట్టుకునే ఉన్నాం.